ఇంకు పెన్నులు, మార్జిన్‌లో పెన్సిల్: నిద్రను కాగితం మీద చదివిన రోజులు

ఈఈజీ (తల మీద నుంచి మెదడు విద్యుత్తును గీతలుగా గీసే యంత్రం) గదిలో అడుగు పెడితే ముందు చెవిన పడేది పెన్నుల చప్పుడు. పడుకున్న మనిషి కళ్ళు తెరిచి ఉంటే సన్నటి గరగర. కళ్ళు మూయగానే తల వెనక చానళ్ళలో (ఒక్కో పెన్ను గీసే గీత ఒక చానల్) ఆల్ఫా అనే తరంగం మొదలై, పెన్నులు సెకనుకు పది సార్లు ఒకే లయలో ఊగేవి. పళ్ళు బిగిస్తే యంత్రమంతా బరబరమనేది. చెయ్యి తిరిగిన టెక్నీషియన్ కాగితం వైపు చూడకుండానే, పక్క బల్ల మీద ఏదో రాసుకుంటూ, "కునుకు పట్టింది" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే పట్టి ఉండేది.

మెదడులోంచి ప్రవర్తన ఎలా వస్తుంది, అనుభవం ఎలా పుడుతుంది అని పుస్తకాలు గంభీరంగా అడుగుతాయి. ఆ గదిలో అదే ప్రశ్న చాలా చిన్నది: కాగితం మీద ఈ గీత పడ్డ క్షణాన మనిషి ఏం చేస్తున్నాడు? దానికి జవాబు పెన్నులు రాయవు. కాగితం అంచున పెన్సిల్‌తో మనిషి రాయాలి. "కళ్ళు తెరిచాడు", "గుటక", "పేరు పెట్టి పిలిచాం, పలకలేదు", "దగ్గు", "నిద్రలో మాట". ఆ పెన్సిల్ రాత లేని ట్రేసింగ్, ఎంత శుభ్రంగా వచ్చినా, సగం ట్రేసింగే. కాగితం కాలంలో పనిచేసినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, మొదటి వారంలోనే తెలిసిపోయేది.

కాగితం లెక్క ఇలా ఉండేది. ఆసుపత్రి ఈఈజీకి వేగం సెకనుకు 30 మిల్లీమీటర్లు. మడతకూ మడతకూ మధ్య 30 సెంటీమీటర్లు, అంటే ఒక పేజీకి 10 సెకన్లు. 20 నిమిషాల రికార్డింగ్‌కు 120 పేజీలు, 36 మీటర్లు. నిద్రకు ఆ వేగం పెడితే గది నిండిపోతుంది, అందుకే సెకనుకు 10 మిల్లీమీటర్లకు తగ్గించేవాళ్ళు. అప్పుడు పేజీకి 30 సెకన్లు. ఎనిమిది గంటల రాత్రికి 960 పేజీలు, 288 మీటర్ల కాగితం. నేటికీ కంప్యూటర్ తెర మీద నిద్రను 30 సెకన్ల ముక్కలుగానే లెక్కించడం వెనక ఉన్నది ఈ పేజీ పొడవే. మెదడు 30 సెకన్లకోసారి దశ మారదు పాపం, కాగితం మడత అక్కడ పడింది, అంతే.

ముందురోజు చెప్పి పంపే మాట ఒకటే: "తలంటు పోసుకుని రండి, నూనె మాత్రం రాయకండి." మన దగ్గర ఈ మాట రెండుసార్లు చెప్పాలి. తలంటు అంటే కుంకుడుకాయలకు ముందు నూనె, ఆరాక మళ్ళీ కాస్త నూనె అని చాలామందికి అలవాటు. పొద్దున్నే తల నున్నగా దువ్వుకుని, జడలో పిన్నులు, మల్లెపూలతో వచ్చిన ఆవిడకు మళ్ళీ తలస్నానం చేయించాలంటే ఎవరికి మనసొప్పుతుంది? కానీ తప్పదు. నూనె పొర కరెంటును ఆపేస్తుంది. ఎలక్ట్రోడ్ (తలకు అతికించే చిన్న లోహపు గిన్నె) దగ్గర ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అడ్డు, 5 కిలో ఓమ్‌ల లోపు ఉండాల్సింది పదుల్లోకి పోతుంది. రెండు ఎలక్ట్రోడ్‌లలో ఒకటి 3, ఇంకొకటి 40 ఉంటే గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు ఆ తేడా మీద సవారీ చేసి గీతంతా మందంగా, బూజు పట్టినట్టు వస్తుంది. ఆ 50 హెర్ట్జ్‌ను కోసేసే నాచ్ ఫిల్టర్ వేస్తే బూజు కనబడదు. చెడ్డ ఎలక్ట్రోడ్ మాత్రం చెడ్డదిగానే ఉండిపోతుంది. ఫిల్టర్ మీద చెయ్యి వేసే ముందు ఇంపీడెన్స్ మీటర్ చూడని వాళ్ళ ట్రేసింగ్‌ని పాతవాళ్ళు నమ్మేవారు కాదు.

తర్వాత టేపుతో కొలత. ఎలక్ట్రోడ్‌లు ఎక్కడ పెట్టాలో చెప్పే 10-20 పద్ధతిని 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రచురించాడు, పునాది ఇప్పటికీ అదే. ముక్కు మొదట్లో రెండు కళ్ళ మధ్య గుంట దగ్గర మొదలుపెట్టి, నడినెత్తి మీదుగా, తల వెనక ఎముక బొడిపె దాకా కొలవాలి. అది 36 సెంటీమీటర్లు అనుకుంటే, మొదటి గుర్తు 3.6 దగ్గర, ఆపైన ప్రతి గుర్తూ 7.2 చొప్పున. సరిగ్గా 18 దగ్గర నడినెత్తి బిందువు, సీజడ్. చెవి ముందు గుంట నుంచి రెండో చెవి ముందు గుంట దాకా అడ్డంగా కూడా కొలిచి, ఆ కొలతలో ఐదో వంతు ఎడమకు జరిగితే సీ3, కుడికి జరిగితే సీ4. గ్రీజు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వెంట్రుకలు పాయ తీసి, చర్మం కాస్త ఎర్రబడేదాకా రాపిడి జెల్‌తో రుద్ది, పేస్టు నింపిన గిన్నె ఎలక్ట్రోడ్ అదమాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు కంటికొలతతో పెట్టడం. ఒక పక్క ఒక సెంటీమీటరు వెనక్కి పోతే రెండు వైపుల ఆల్ఫా ఎత్తులో తేడా వస్తుంది. డాక్టరు దాన్ని ఒక పక్క మెదడులో జబ్బు అనుకునే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రోడ్‌లు వెండివి. నేరుగా వాడితే గీత నిలకడగా ఉండదు, మెల్లగా పైకీ కిందికీ జారుతుంది. అందుకే వాటికి క్లోరైడ్ పూత పెట్టడం ప్రతి ల్యాబ్‌లో ఉండే చిన్న వంట. ఉప్పునీళ్ళ గిన్నెలో ఎలక్ట్రోడ్ ముంచి, బ్యాటరీ పాజిటివ్ కొనకు కలిపి, నెగటివ్ కొనకు ఇంకో వెండి తీగ పెడితే కాసేపట్లో వెండి మెరుపు పోయి బూడిద రంగు వస్తుంది. పూత సమంగా ఉండాలి. గోరుతో గీకితే మళ్ళీ చెయ్యాల్సిందే. వెండివాటిలో ఒక బంగారు పూత ఎలక్ట్రోడ్ కలిసిందా, రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై ఆ చానల్ రాత్రంతా సతాయిస్తుంది. రాత్రి రికార్డింగ్‌కు పేస్టు ఒక్కటే చాలదు. దొర్లినా ఊడకుండా గాజుగుడ్డ ముక్క మీద కొలోడియన్ అనే, ఈథర్ కలిసిన జిగురు పోసి, గాలి పంపుతో ఆరబెట్టేవాళ్ళు. ఆ ఈథర్ వాసన ముక్కులో పడితే ఇప్పటికీ నైట్ డ్యూటీ గుర్తొస్తుందంటారు ఆ తరం. పొద్దున అసిటోన్‌తో తీయాలి. రెండూ భగ్గున మండేవే, అందుకే ఆ గదిలో అగ్గిపుల్ల గీయడం నిషేధం.

ఇక పెన్నుల సంగతి వేరే ప్రపంచం. ఒక్కో చానల్‌కూ సన్నటి లోహపు గొట్టం, దానికి ఇంకు బుడ్డి నుంచి నాళం. రాత్రి శుభ్రం చెయ్యకుండా వదిలితే పొద్దుటికి ఇంకు గొట్టంలో గడ్డకడుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, సన్నటి తీగ, ఓపిక. పెన్ను కాగితం మీద ఆనే బరువు కూడా లెక్కే. బరువెక్కువైతే కాలిబ్రేషన్ గుర్తు (యంత్రాన్ని సరిచూసేందుకు పంపే తెలిసిన వోల్టేజికి పెన్ను గీసే మెట్టు) మూల గుండ్రంగా వస్తుంది, తక్కువైతే మూల దగ్గర ముల్లులా పైకి ఎగురుతుంది. రెండూ కాకుండా మూల పదునుగా ఉండేదాకా మర తిప్పాలి. ఇంకోటి, పెన్ను ఒక చివర ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి గీత నిలువుగా కాక కొద్దిగా విల్లులా వంగి పడుతుంది. పెద్ద తరంగం శిఖరం అసలు సమయానికి కాస్త పక్కకు జరిగి కనిపిస్తుంది. రెండు చానళ్ళలో ఏది ముందు మొదలైందని పోల్చేటప్పుడు ఈ వంపు మరిచిపోతే పప్పులో కాలేసినట్టే. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి ఇంకు పాకేది. మార్జిన్ రాతకు పెన్సిలే వాడటానికి అదొక కారణం.

కాలిబ్రేషన్ రెండు రకాలు. ఒకటి యంత్రానికి: అన్ని చానళ్ళకూ ఒకేసారి 50 మైక్రోవోల్టులు పంపడం. సున్నితత్వం మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టులు పెడితే పెన్ను సుమారు 7 మిల్లీమీటర్లు లేవాలి, అన్నీ ఒకే ఎత్తున, ఒకే నిలువు గీతలో. రెండోది మనిషికి, దీని మీదే నాకు మక్కువ ఎక్కువ. "బాబూ, తల కదపకుండా కళ్ళు మాత్రం కుడికి తిప్పండి... ఎడమకి... పైకి... కిందికి. ఐదు సార్లు రెప్పలు కొట్టండి. పళ్ళు గట్టిగా బిగించండి. ఇక కళ్ళు మూసుకుని ఊరికే ఉండండి." ఒక్కో పనికీ కాగితం మీద ఒక్కో ఆకారం, పక్కనే పెన్సిల్ మాట. రాత్రి మూడింటికి ఎదురుపడే గీతకు అర్థం చెప్పే నిఘంటువు ఈ రెండు నిమిషాల్లోనే తయారవుతుంది. నిద్ర ముంచుకొస్తోందని ఇది ఎగ్గొడితే రాత్రంతా ఊహాగానమే.

కంటి చానళ్ళ అమరికలో ఒక తెలివి ఉంది. కంటిపాప వైపు పాజిటివ్, వెనక రెటీనా వైపు నెగటివ్. కన్ను తిరిగితే ఆ రెండు కొనలూ తిరుగుతాయి. ఒక కంటి బయటి కొనకు 1 సెంటీమీటరు పైన, రెండో కంటి బయటి కొనకు 1 సెంటీమీటరు కింద ఎలక్ట్రోడ్ పెట్టి, రెండింటినీ ఒకే చెవి వెనక ఎముకతో పోలిస్తే, కళ్ళు కలిసి కదిలినప్పుడు రెండు పెన్నులు ఎదురెదురుగా పోతాయి. మెదడు తరంగం అక్కడిదాకా పాకితే రెండూ ఒకే దిక్కుకు పోతాయి. చూపు పడగానే తేడా తెలుస్తుంది. లెక్క కట్టనక్కర్లేదు.

ఈ కంటి పెన్నులే 1950ల్లో షికాగోలో కథ మార్చాయి. అంతకుముందు హాన్స్ బెర్గర్ జర్మనీలోని యేనాలో 1924లో మనిషి తల మీద నుంచి మొదటిసారి గీత పట్టి, ఐదేళ్ళు అనుమానించి 1929లో ప్రచురించాడు. కొడుకు క్లౌస్‌ని ఎన్నోసార్లు కూర్చోబెట్టి గీతలు తీశాడు. కళ్ళు తెరిస్తే ఆల్ఫా అణగిపోతుందని అప్పుడే రాశాడు. 1937లో ఆల్ఫ్రెడ్ లూమిస్ బృందం నిద్రను దశలుగా విడగొట్టింది. అయినా రాత్రంతా కాగితం నడపడం దండగని చాలామంది గంటకు కొన్ని నిమిషాలే రికార్డు చేసేవాళ్ళు. కాగితానికి డబ్బులు కావాలి మరి.

షికాగోలో నథానియల్ క్లైట్‌మన్ దగ్గర పరిశోధక విద్యార్థి యూజీన్ అసెరిన్‌స్కీ. మూలన పడి ఉన్న పాత గీతల యంత్రం, ఆఫ్నర్ డైనోగ్రాఫ్‌ను బయటికి లాగి, ఎనిమిదేళ్ళ తన కొడుకు ఆర్మండ్‌కు కళ్ళ దగ్గర ఎలక్ట్రోడ్‌లు పెట్టి రాత్రంతా నడిపాడు. నడిరాత్రి పెన్నులు ఎగిరెగిరి పడుతుంటే పిల్లాడు లేచాడనుకుని లోపలికి వెళ్ళాడు. పిల్లాడు గాఢ నిద్రలో ఉన్నాడు. ముందు యంత్రాన్నే అనుమానించాడు, అది ఎవరైనా చేసే పనే. రెండు కళ్ళకూ విడివిడిగా పెన్నులు పెట్టి, రెండూ కలిసే కదులుతున్నాయని చూశాకే నమ్మాడు. 1953లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ రెండు పేజీల వ్యాసంలో అసలు సరుకు మార్జిన్‌లోదే: కళ్ళు కదులుతుండగా లేపితే 27 సార్లలో 20 సార్లు వివరంగా కల చెప్పారు. కదలనప్పుడు లేపితే 23 సార్లలో 19 సార్లు ఏమీ గుర్తు లేదన్నారు.

అదే ల్యాబ్‌లో విలియం డిమెంట్ ఈ లేపడాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. మంచం పక్కన మామూలు ఇంటి డోర్‌బెల్. అది మోగగానే మనిషి పక్కనున్న రికార్డింగ్ పరికరంలో ముందు కల వచ్చిందా లేదా చెప్పాలి, తర్వాత ఆ కల ఏమిటో. ప్రయోగం చేసేవాడు ముందుగా మాట కలపకూడదు, తను ఏ దశలో లేపాడో చెప్పకూడదు. ఆ రోజు మద్యం, కాఫీ వంటివి బంద్. 1957లో క్లైట్‌మన్‌తో కలిసి ఇచ్చిన లెక్క: కళ్ళు కదిలే నిద్రలో 191 సార్లు లేపితే 152 సార్లు కల, మిగతా నిద్రలో 160 సార్లు లేపితే 11 సార్లే. తర్వాత ఇంకో అడుగు వేశారు. కళ్ళ కదలిక మొదలైన 5 నిమిషాలకో 15 నిమిషాలకో లేపి, కల ఎంతసేపు నడిచిందో ఆ రెండింట్లో ఒకటి ఎంచమన్నారు. 111 సార్లలో 92 సార్లు సరిగ్గా చెప్పారు. కల రెప్పపాటులో అయిపోతుందన్న పాత నమ్మకం అలా కదిలింది. కళ్ళు అదే పనిగా అడ్డంగా కదిలిన ఒక అరుదైన సందర్భంలో లేపితే, ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు టమాటాలు విసురుకుంటున్నట్టు కలట. చూపు కలలోని బొమ్మ వెంట పోతుందన్న వాదన మీద తర్వాత చాలా రగడ జరిగింది. టమాటాల కల మాత్రం పాఠాల్లో నిలిచిపోయింది.

ఆ 11 సార్ల అంకె మీదే అసలు పాఠం ఉంది. డేవిడ్ ఫౌక్స్ 1962లో ప్రశ్న మార్చి చూశాడు. "కల వచ్చిందా?" అని కాక "లేపే ముందు మనసులో ఏం నడుస్తోంది?" అన్నాడు. కళ్ళు కదలని నిద్రలో లేపినా సగానికి పైగా ఏదో ఒకటి చెప్పారు: బొమ్మలు తక్కువ, రోజువారీ ఆలోచనలు ఎక్కువ. గీతలు అవే, మెదడు అదే, అడిగిన మాట వేరు. మార్జిన్‌లో "కల లేదు" అని రాసిన చోట ఏ ప్రశ్న అడిగి రాశారో కూడా రాయాలని అప్పటి నుంచి జాగ్రత్తపరులు నేర్చుకున్నారు. అనుభవాన్ని కొలిచే పరికరం ఎలక్ట్రోడ్ కాదు, ఆ ప్రశ్నే.

గడ్డం కింద కండరానికి పెట్టే చానల్ వెనక ఉన్నది పిల్లులతో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పరిశోధకుడు మిషెల్ జూవే చేసిన పని. 1959 నాటికి ఆయన చూసింది: మెదడు గీత మెలకువలా ఉన్నా మెడ కండరం పూర్తిగా వాలిపోతుంది. రాత్రి పూట గడ్డం పెన్ను మందమైన గీత నుంచి ఒక్కసారిగా వెంట్రుకంత సన్నబడితే, కంటి పెన్నులు లేవబోతున్నాయని గమనించి కాగితం ఎంత మిగిలిందో చూసుకునేవాళ్ళు. కట్ట సరిగ్గా అప్పుడే అయిపోవడం ఆ యంత్రాల జాతకం.

ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్, జి.ఎస్. ఛీనా, బల్దేవ్ సింగ్ 1961లో కొందరు యోగుల మీద చేసిన రికార్డింగ్‌లలోనూ బలం మార్జిన్‌దే. ధ్యానంలో ఆల్ఫా ఉందంటే అదేం గొప్ప? కళ్ళు మూసుకున్న ఎవరికైనా ఉంటుంది. వాళ్ళు వెలుగు, చప్పుడు, వేడి, కంపనం ఇచ్చి చూశారు. మామూలుగా ఆ క్షణాన ఆల్ఫా ఆగాలి. ఇద్దరు యోగులకు ధ్యానంలో ఆగలేదు, ధ్యానం బయట ఆగింది. వేరే ఇద్దరు చేతిని 4 డిగ్రీల నీళ్ళలో 45 నుంచి 55 నిమిషాలు ఉంచినా ఆల్ఫా నడుస్తూనే ఉంది. చన్నీళ్ళలో చెయ్యి ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో రాయకపోతే ఆ గీతలకు విలువే లేదు. కొద్దిమందే కాబట్టి పెద్ద మాటలు చెప్పలేం, కానీ ప్రయోగం కట్టిన తీరు చక్కనిది.

పొద్దున్న లెక్కింపు. నిద్ర దశలు లెక్కించడానికి 1968లో రెక్ట్‌షాఫెన్, కేల్స్ సంపాదకత్వంలో వచ్చిన మాన్యువలే నాలుగు దశాబ్దాల ప్రమాణం. 2 హెర్ట్జ్ లోపు వేగంతో, 75 మైక్రోవోల్టులు దాటిన తరంగాలు పేజీలో 20 నుంచి 50 శాతం ఉంటే మూడో దశ, సగం దాటితే నాలుగు. 50 మైక్రోవోల్టులకు 10 మిల్లీమీటర్లు పెట్టుకుంటే 75 అంటే 15 మిల్లీమీటర్లు. పారదర్శక ప్లాస్టిక్ ముక్క మీద 15 మిల్లీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసుకుని కాగితం మీద జరుపుతూ పోవడమే. నిద్రలో కనిపించే చిన్న తరంగాల గుంపు, స్పిండిల్, కనీసం అర సెకను ఉండాలి. అంటే 5 మిల్లీమీటర్ల వెడల్పులో ఆరేడు శిఖరాలు. పెన్సిల్ మొనతో లెక్కపెట్టేవాళ్ళు, కళ్ళు లాగేవి. 2007లో అమెరికన్ నిద్రవైద్య అకాడమీ మూడు, నాలుగు దశలను కలిపేసింది. ఆ సరిహద్దు మీద గంటలు వాదించుకున్నవాళ్ళకు ఆ వార్త ఎలా ఉండి ఉంటుందో!

మోసం చేసే గీతల్లో అందరికన్నా గడుసుది చెమట. ఫ్యాను ఆగిన వేసవి రాత్రి గీతలు మెల్లగా, పెద్దగా ఊగుతాయి, కొత్తవాడు నాలుగో దశ అని రాసేస్తాడు. ఒక ఊపుకు రెండు సెకన్లు దాటుతున్నాయా, కంటి చానళ్ళలోనూ అలాగే ఉందా చూడాలి. మందు ఫిల్టర్ కాదు, గది చల్లబరచడం. ఏదో ఒక ఎలక్ట్రోడ్‌తో కలిసిన చానళ్ళలో మాత్రమే నిటారుగా ముల్లు లేస్తే అది పేస్టు ఎండిన చోటు. మెదడు నుంచి వచ్చేదైతే పక్క ఎలక్ట్రోడ్‌లకూ కొంత తెలియాలి. రక్తనాళం మీద ఎలక్ట్రోడ్ పడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక గుండ్రటి అల, ఒక సెంటీమీటరు జరిపితే పోతుంది. నుదుటి దగ్గర నెమ్మదైన డెల్టా తరంగంలా కనిపించేది చాలాసార్లు రెప్పపాటే. ఇక్కడే మళ్ళీ మార్జిన్ ఆదుకుంటుంది.

కంప్యూటర్ వచ్చాక నష్టం కన్నా లాభమే ఎక్కువ, ఇందులో మొహమాటం లేదు. కాగితం మీద రాత్రి ఎంచుకున్న మాంటేజ్ (ఏ ఎలక్ట్రోడ్‌ను దేనితో పోల్చాలన్న అమరిక), ఫిల్టర్ శిలాశాసనం. ఇప్పుడు పొద్దున్న తీరిగ్గా మార్చి చూడొచ్చు. వంపు గీత లేదు, గడ్డకట్టే ఇంకు లేదు. పోయిందల్లా పక్కన కూర్చునే మనిషి. మార్జిన్ పెట్టె తెర మీదా ఉంది, వీడియో కూడా ఉంది, కానీ రాసే చెయ్యి చాలా ల్యాబుల్లో తగ్గింది. వీడియో ఉందిలే అనుకుంటారు. పిలిస్తే పలికాడా అన్నది వీడియోలో తెలియాలంటే ఆ సమయానికి ఎవరో ఒకరు పిలిచి ఉండాలి కదా.

ఎక్కడైనా బీరువా అడుగున పాత ట్రేసింగ్ కట్ట దొరికితే, చెదలు వదిలినంత వరకు చదవడం కష్టం కాదు. మొదటి పేజీలో కాలిబ్రేషన్ మెట్టు స్కేలుతో కొలవండి, ఎత్తు అక్కడ తేలుతుంది. కాగితం వేగం రాసి లేకపోతే 50 హెర్ట్జ్ బూజు పట్టిన చోటు వెతకండి: ఒక సెంటీమీటరులో 50 ఊపులు ఇరుక్కుంటే వేగం 10, మూడు సెంటీమీటర్లు పడితే 30. మాంటేజ్ మారిన ప్రతి చోటా చానళ్ళ పేర్లు ఎడమ పక్క ఉంటాయి. ఈఈజీలో నెగటివ్ అయితే పెన్ను పైకి పోతుందన్నది గుర్తుంచుకోండి. గీతల జోలికి పోకముందు పెన్సిల్ మాటలన్నీ వరసగా చదవండి, కలిపిరాతలోని పొట్టి అక్షరాలు మొదటి పది పేజీల్లో అలవాటవుతాయి. రెండు రకాల చేతిరాత కనిపిస్తే షిఫ్ట్ మారిన సమయం చూసుకోండి: "మేలుకున్నాడు" అన్న మాట ఇద్దరూ ఒకే అర్థంలో వాడి ఉండకపోవచ్చు.